వానకి అరిచే కారు

నా భార్యను నా బావమరిది చంపాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ముందురోజు సాయంత్రం వాడు మా కారు బానెట్ ఎత్తి లోపల చేతులు పెట్టడం నా కళ్లతో చూశాను. తెల్లారి ఆమెకు ఉబ్బసం తిరగబెట్టి ఊపిరాడక ముందుసీట్లో కూర్చుంటే కారు కదల్లేదు. హారన్ మోగింది, దీపాలు కొట్టుకున్నాయి, ఇంజను పలకలేదు. అంతే సంగతి. ఇప్పుడు అదే కారు, అలాంటి వానే, అదే కూత. వెనకసీట్లో వాడు. చొక్కా గుండీలు విప్పేసి ఉన్నాయి, తల పెళ్లాం ఒళ్లో ఉంది.

వాడు వచ్చింది కుట్టుమిషను కోసం. వాళ్ల అమ్మాయి కుట్టు నేర్చుకుంటోందట, వదిన మిషను ఊరికే పడి ఉంది కదా అన్నయ్యా అని వాడి భార్య ఫోనులో అడిగింది. చెల్లెమ్మ అడిగింది కాబట్టి సరే అన్నాను. వాడు అడిగితే ఇచ్చేవాణ్ణి కాదు, వాడు అడగడు కూడా. వాళ్లక్క పోయిన కొత్తలో ఒకసారి వచ్చాడు. వాడిది ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు, అక్క ఫోటోకు మంచి టేకు ఫ్రేము కట్టి తెచ్చాడు. నేను వెనక మేకులు ఊడదీసి, ఫోటో తీసుకుని, ఫ్రేమూ అద్దమూ వాడి చేతిలో పెట్టాను. ఖాళీ ఫ్రేము చంకన పెట్టుకుని వెళ్లాడు. తరవాత రావడం ఇదే. నా మొహం చూడకుండా నేరుగా వెనకగదిలోకి నడిచాడు, మిషనును ఇనుపకాళ్లతో సహా ఒక్కడే ఎత్తాడు. సాయం పట్టనా అని నేననలేదు, పట్టు బావా అని వాడనలేదు. నడవలోకి వచ్చేసరికి దించేసి గోడకు ఆనుకున్నాడు. మొహమంతా తడి. వాన లోపలికి కొట్టలేదు, అది చెమట. ఎడమచెయ్యి లాగుతోంది అన్నాడు, నాతో కాదు, మిషనుతో చెబుతున్నట్టు. చెల్లెమ్మ అంబులెన్సుకు ఫోను చేసింది. రోడ్డు మీద నీళ్లు నిలిచిపోయాయి, చుట్టూ తిరిగి రావాలి, ఎప్పటికి చేరతామో చెప్పలేం అన్నారు. పక్కింటి వాళ్ల కారు వాళ్లతోనే పోయింది. వీధిలో చక్రం తిరగడం లేదు. ఆమె నా వంక చూసింది. నేను షెడ్డు వంక చూశాను.

షెడ్డు పొట్టిది. స్కూటరు ఉన్న రోజుల్లో కట్టింది. కారు సగం రేకుల కింద ఉంటుంది, ముందుభాగం వానలో నానుతుంది. తలుపులో తాళంచెవి తిప్పానో లేదో మొదలెట్టింది, పాం పాం పాం అని ఊపిరి తీసుకోకుండా, దీపాలు దానికి వంత పాడుతూ. నా ఉద్యోగమంతా నీళ్ల పంపుహౌసులో మోటార్ల మధ్య గడిచింది. మోటారు అబద్ధం ఆడదు. నొప్పి ఉన్నచోటే మూలుగుతుంది, బేరింగు అరిగితే ఒక మూలుగు, గాలి పడితే ఇంకో మూలుగు, మనిషి కంటే నయం. ఈ అలారం అలాంటిది కాదు. కారు చేసినవాళ్లే ఫ్యాక్టరీలో బిగించి పంపారు, ఎన్ని చేతులు మారినా వదలలేదు. దొంగ పడ్డాడు అంటుంది, దొంగ ఉండడు. యజమాని తాళంచెవి పట్టుకుని ఎదురుగా నిలబడితే వాడే దొంగంటుంది, ఇంజనుకు పోయే దారి కత్తిరించేస్తుంది. ఎండ కాస్తే పిల్లిలా పడి ఉంటుంది. వాన పడితే ఇదీ వరస. ఆమె పోయాక మెకానిక్ వచ్చి చూశాడు. తలుపుల దగ్గరో డిక్కీ దగ్గరో బానెట్ దగ్గరో ఎక్కడో ఒక స్విచ్చు మోసం చేస్తోంది సార్, ఒక్కొక్కటీ వెతకాలి, ఎందుకొచ్చిన గొడవ, అలారం మొత్తం పీకేస్తాను అన్నాడు. వద్దన్నాను. బాగుచేయాల్సిన వస్తువును ఎందుకు ఉంచుకుంటారు సార్ అన్నాడు. వాడికేం తెలుసు. హత్య జరిగిన చోట కత్తి కడిగి పెడతారా ఎవరైనా? ఉండనీ. వాన పడ్డప్పుడల్లా అరవనీ. ఎవడు చేశాడో నాకు గుర్తుచేయనీ.

దిగి తలుపుకు తాళం వేశాను, తాళంతోనే తీశాను. ఆగలేదు. ఎక్కి తాళంచెవి సగం తిప్పి, అలారం ఎర్రదీపం ఆరేదాకా వేలు కదపకుండా కూర్చోమన్నాడు కారు అమ్మినవాడు. కూర్చున్నాను. ఆ రోజు కూడా ఇలాగే కూర్చున్నాను. పక్కసీట్లో ఆమె ఒక చెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టుకుని, ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, గొంతులో ఈల మోగుతుంటే, ఆ చప్పుడు ఆపండి అంది. ఆపుతున్నానే, ఆపుతున్నాను అన్నాను. దీపం ఆరలేదు. తలుపు తీసి పరుగెత్తి వీధి చివర వ్యాను మనిషిని బతిమాలి తీసుకొచ్చేసరికి ఆమె ఆ చెయ్యి డాష్‌బోర్డు మీంచి తీసేసుకుంది. ఒళ్లో పెట్టుకుంది. ఆమె కూర్చునే పద్ధతే అంత, ఎక్కడ కూర్చున్నా చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు. హారన్ ఇంకా మోగుతూనే ఉంది. ఎర్రదీపం ఇప్పుడూ ఆరలేదు.

"అన్నయ్యా, ఆపండి దాన్ని. ఆయనకి చెవుల్లో రంపం పెట్టి కోస్తున్నట్టుందంట."

"ఆపడానికేగా తంటాలు పడుతున్నాను."

"బావ నోటికంటే ఇదే నయంలే," అన్నాడు వాడు కళ్లు మూసుకునే. "ఇది ఒక్క మాటే అంటుంది."

"మీరు నోరు మూసుకుని పడుకోండి," అంది చెల్లెమ్మ. "జోకులకి ఇదా టైము?"

అద్దంలో వాడి మొహం కనిపిస్తోంది. అక్క మొహమే. అదే పెదవి, కింది పెదవి పంటి కింద పెట్టి నొప్పిని నొక్కిపట్టడం, ఆమె పురిటినొప్పుల్లోనూ అంతే, బిడ్డ దక్కలేదని చెప్పినప్పుడూ అంతే. మాకు పిల్లల్లేరు. ఆమెకు వాడే బిడ్డ. చిన్నోడా తిన్నావా, చిన్నోడా కొట్టు మూశావా. వాడు వస్తే ఇద్దరూ వంటింట్లో చేరి గుసగుసలు, నేను లోపలికి వస్తే ఆగిపోయేవి. ఏంటి సంగతి అంటే ఏం లేదండీ అనేది. వాడు పళ్లికిలించేవాడు. ఆ సాయంత్రమూ అంతే. నేను వీధిలోంచి వస్తుంటే బానెట్ ఎత్తి ఉంది, వాడు వంగి లోపల ఏదో నొక్కుతున్నాడు, ఆమె పక్కన నిలబడి చూస్తోంది. నన్ను చూసి దబ్బున మూశాడు. ఏం చేస్తున్నావురా అన్నాను. నీళ్లు చూశాను బావా అన్నాడు. రాత్రి అన్నం పెడుతూ ఆమె, రేపు బండి తీస్తారా అని అడిగింది. ఎందుకు అన్నాను. ఊరికే, ఒకసారి అలా తిప్పుకురండి అంది. పెట్రోలు ఊరికే వస్తుందా అన్నాను. నవ్వు ఆపుకుంటూ మజ్జిగ పోసింది. ఎందుకు నవ్విందో నేనడగలేదు. నన్ను నవ్వులపాలు చేసే మంతనం ఏదో అక్కాతమ్ముళ్ల మధ్య ఉందనుకుని విసుగొచ్చి లేచిపోయాను. పొద్దెక్కేసరికి ఆమె లేదు. వాడి కాలరు పట్టుకుని గోడకు వేసి అడిగాను, కారును ఏం చేశావురా అని. వాడు ఆమె వంక చూశాడు, పడుకోబెట్టి ఉన్న మనిషి వంక. నీళ్లు చూశాను బావా, తప్పు నాదే అన్నాడు. నీళ్లు చూసినవాడిది తప్పెలా అవుతుంది? ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి.

దిగాను. వాన మెడ మీద కొడుతోంది. బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ ఊడదీశాను, కూత ఆగింది. ఆ నిశ్శబ్దంలో వాడి ఊపిరి వినిపించింది, నీళ్లు లేని పంపు గాలి లాగుతున్నట్టు. తీగ మళ్లీ పెట్టగానే మళ్లీ కూత. ఫ్యూజు పీకాను. హారన్ నోరు మూసుకుంది గానీ స్టార్టరు దారి ఇవ్వలేదు, తాళంచెవి తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ఫ్యూజు మళ్లీ పెట్టాను. పంపుహౌసులో రెండు మోటార్లు ఒకేసారి పడిపోయిన రోజు కూడా నాకింతసేపు పట్టలేదు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది, దాచడం దేనికి, వచ్చింది: కూర్చోనీ. ఆ కూత కింద, ఆ సీట్లో, బయట వాన, లోపల ఊపిరి అందక, ఎవడో ఒకడు వస్తాడని చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో తెలియనీ. నా చెయ్యి బ్యాటరీ మీదే ఉంది. ఆలోచన పోలేదు. నీళ్ల చుక్కలా వేలాడింది, రాలలేదు.

"అన్నయ్యా!" చెల్లెమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "పంపుహౌసంతా మీ చేతి మీద నడిచేదని వదిన చెప్పుకునేది. ఒక్క కారుని లేపలేరా? పంతానికి కూర్చునే వేళా ఇది? మనిషి చల్లబడిపోతున్నాడు."

"పంతం నాది కాదు, కారుది."

"కారు మీ ఇంట్లో పెరిగిందేగా మరి!"

బానెట్ వేశాను. వెనకసీట్లోంచి వాడు ఏదో అన్నాడు. కూతలో వినపడలేదు. చెల్లెమ్మ వాడి నోటి దగ్గర చెవి పెట్టి విని, నావైపు తిరిగింది.

"బానెట్‌ని పైనుంచి గట్టిగా నొక్కి చూడమంటున్నారు."

"నొక్కితే ఏమవుతుందంట?"

"నొక్కి చూడు బావా." ఈసారి వాడి గొంతే. "రెండు మూలలా."

రెండు అరచేతులూ బానెట్ మీద పెట్టి ఒళ్లంతా బరువేశాను. కూత ఆగింది. చేతులు తీశాను, మొదలైంది. మళ్లీ నొక్కాను, ఆగింది. ముందు అద్దంలోంచి వాడి వంక చూశాను, వాన చారల వెనక మొహం కరిగిపోతోంది. నీకెలా తెలుసురా అన్నాను. వాడు కళ్లు మూసుకున్నాడు. నొప్పికి మూసుకున్నాడో మాటకు మూసుకున్నాడో తెలియదు. ఇంతకాలం తెలిసీ చెప్పలేదన్నమాట. చెప్పడానికి నేనెక్కడ నిలబడనిచ్చాను, కారు మీద చెయ్యేస్తే చెయ్యి విరిచేస్తానన్నాను. అయినా ఫోను లేదా, చెల్లెమ్మ నోరు లేదా. చెప్పలేదు. ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చినా నొక్కమన్నాడే గానీ, ఎందుకో చెప్పడం లేదు. మనిషి చచ్చిపోతూ కూడా దాచుకునేది ఏముంటుంది ఒక బానెట్ కింద? నొక్కే చేతులు వదిలితే గానీ తాళం తిప్పలేను. మూతను ఏదో పైకి లేపుతోంది. లేపేదాన్ని తియ్యాలి.

బానెట్ మళ్లీ ఎత్తాను. ఎన్నిసార్లు ఎత్తలేదు, నూనె చూడ్డానికి, నీళ్లు పోయడానికి. ముందు రెండు మూలల్లో మూత ఆనుకునే రబ్బరు బుడిపెలు, నల్లగా, మసి పట్టి. కుడివైపు దానికి జానెడు దూరంలో చిన్న స్విచ్చు, పుల్లలాంటిది, మూత పడితే కిందికి నొక్కుకుంటుంది. మూత పూర్తిగా దిగకపోతే దానికి మూత తెరిచినట్టే లెక్క. ఎవడో తెరిచాడు, దొంగ, ఇక అరుపే. బుడిపె మీద వేలు పెట్టాను. మెత్తగా ఉంది. నొక్కాను. నీళ్లు కారాయి. రబ్బరు నీళ్లు తాగదు. రబ్బరు నీళ్లు తాగదని నాకు తెలియదా, ఉద్యోగమంతా రబ్బరు వాషర్లతోనే గడిచింది, ఎన్నిసార్లు చూశాను దీన్ని, వేలు పెట్టి చూశానా ఎప్పుడైనా. గోరు దూర్చి లాగాను. టోపీలా ఊడివచ్చింది. దాని కింద అసలు బుడిపె, చిన్నది, గట్టిది. చేతిలోది గుడ్డ. మడతల మీద మడతలు పెట్టి కుట్టిన గుడ్డ. పైన మసి, లోపల తిరగేస్తే ఖాకీ. నా ఖాకీ. పంపుహౌసు ప్యాంటు, మోకాలు పోయిందని పక్కన పడేసింది. అంచు చుట్టూ మిషను కుట్టు, చివర చేత్తో వేసిన రెండు అడ్డకుట్లు, ఒకదాని మీద ఒకటి, గుణకారం గుర్తులా. వాటిని చూడ్డానికి నాకు కళ్లజోడు అక్కర్లేదు. నేను వేసుకున్న చొక్కా జేబు రెండు మూలల్లోనూ అవే ఉన్నాయి.

వానలో నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు, ఎక్కువసేపు అయ్యుండదు, చెల్లెమ్మ మళ్లీ అరవలేదు. టకటకా టకటకా. ఒకప్పుడు ఆ బానెట్ టకటక కొట్టుకునేది, గతుకు వచ్చినప్పుడల్లా. ఈ టకటక నా తల తినేస్తోందే అనేవాణ్ణి, ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ. ఆమె వినేది. ఆమె చేసిన పని చెప్పుకునే మనిషి కాదు. గుండీ కుట్టినా చెప్పదు, గొడుగు పుల్ల బాగుచేసినా చెప్పదు, నేను చూసి అడిగేదాకా ఓరకంట కనిపెడుతూ తిరిగేది. నేను చూసేవాణ్ణి కాదు. వారానికో నెలకో చూస్తే, ఇప్పటికి కనబడిందా మహానుభావుడికి అనేది. రేపు బండి తీస్తారా. ఊరికే, ఒకసారి అలా తిప్పుకురండి. కుట్టింది ఆమె, తొడిగింది వాడు. రాత్రంతా వాన కురిసింది, గుడ్డ నీళ్లు తాగి ఉబ్బింది, మూత వెంట్రుకవాసి పైకి లేచింది, స్విచ్చు దొంగ పడ్డాడంది. ఆ చప్పుడు ఆపండి అంది ఆమె. ఇది ఆమెకు తెలియదు. తెలియకుండానే పోయింది. వాడికి ఎప్పుడు తెలిసిందో, నేను కాలరు పట్టుకున్నప్పుడే తెలిసి ఉంటుంది, అందుకే ఆమె వంక చూశాడు. తరవాత టకటక వినపడలేదు. నేను గమనించలేదు. ఇంట్లో అన్ని చప్పుళ్లూ ఒకేసారి ఆగిపోయినప్పుడు అందులో ఏది ఏదో ఎవడు విడదీసి చూస్తాడు.

రెండోదీ పీకాను. పిండితే చేతినిండా నల్లనీళ్లు. రెండూ జేబులో కుక్కాను. బానెట్ వేస్తే ఇనుము ఇనుము మీద పడ్డ చప్పుడు, పాత చప్పుడు. కూత దానంతటదే ఆగింది. ఎక్కి తాళంచెవి తిప్పాను, ఎర్రదీపం ఆరింది, ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది. చెల్లెమ్మ వెనక ఏడవడం మొదలెట్టింది, అప్పటిదాకా ఆపుకున్నది.

వీధి కనపడటం లేదు. నీళ్లు చక్రాల సగానికి. పంపుహౌసు మనిషికి నీళ్ల లోతు చూస్తే తెలుస్తుంది, ఎక్కడ గుంటో ఎక్కడ గట్టో, ఆగితే పొగగొట్టంలోకి నీళ్లు పోతాయి, ఆగకూడదు, కాలు తియ్యకూడదు. టకటకా టకటకా. ప్రతి గతుకుకూ ముందు మూలల్లో ఆ చప్పుడు. తినేయనీ తలని. జేబులోంచి నీళ్లు పొట్ట మీదికి కారుతున్నాయి, చల్లగా. అద్దంలో వాడు నన్నే చూస్తున్నాడు.

"బావా, ఆ..."

"ఊపిరి దాచుకో."

"చప్పుడు వస్తోంది, బావా."

"వస్తే రానీ. నువ్వు మాట్లాడకు."

"ఏంటి ఆ చప్పుడు?" అంది చెల్లెమ్మ.

ఆసుపత్రి గుమ్మంలో బండి అడ్డంగా ఆపాను. గార్డు ఇక్కడ ఆపకూడదు అన్నాడు, నా మొహం చూసి స్ట్రెచరు తెచ్చాడు. వాణ్ణి ఎక్కించారు, తెల్లదుప్పటి కప్పారు, తోసుకుపోతుంటే వాడు చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. బలం లేదు ఆ చేతిలో, వదిలించుకోవచ్చు. పెదవి పంటి కింద పెట్టుకుని నా జేబు వంక చూశాడు. జేబు ఉబ్బి ఉంది, నల్లమరక చొక్కా మీదికి పాకింది.

"బానెట్ తీశావు కదా. చూశావా బావా?"

"నీళ్లు చూశాను," అన్నాను.

వాడి కళ్లు నా మీదే ఉన్నాయి. వాళ్లు తోసుకుపోయారు. తలుపులు ఊగి ఊగి ఆగాయి.

చాలాసేపటికి ఒక డాక్టరమ్మ వచ్చి, కాస్త ఆలస్యమైతే మా చేతిలో ఉండేది కాదు, ఇప్పుడు భయం లేదు అంది. చెల్లెమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది, తరవాత వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. కొంగు పిండుకుంటూ అడిగింది, ఇంతకీ కారుకి ఏమైంది అన్నయ్యా, అప్పుడూ అదేనా అని. ఆమెకు వాడు చెప్పలేదన్నమాట. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. ఇంతకాలం నా తిట్లు తిని, ఫ్రేము వెనక్కి తీసుకుపోయి, అక్క మీద మాట పడకుండా వాడొక్కడే మోశాడు. ఆ మిషనులాగే, ఇనుపకాళ్లతో సహా. సాయం పట్టనా అని నేననలేదు.

వాణ్ణి క్షమించానని ఎవరూ అనుకోకండి. నాకున్న ఒక్క కోపాన్నీ నా చేతిలోంచి లాగేసుకున్నాడు, దాని బదులు పెట్టుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. మిషను రేపు నేనే తీసుకెళ్లి వాళ్లింట్లో దించి వస్తాను. మెకానిక్ అడిగితే ఎండకు బాగుపడిందంటాను. జేబులోవి జేబులోనే ఉన్నాయి. చెల్లెమ్మ ఇంకా నా మొహం చూస్తోంది, జవాబు కోసం.

"ఏమీ కాలేదు," అన్నాను. "కారు మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు."

ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తను. వాడు బతికి ఇంటికి వచ్చి ఎదురుగా కూర్చుని అడిగినా, పోయిన ఆమే వచ్చి అడిగినా, ఇక నా నోట రాదు.